అవ్వ ఎదురెళ్ళే మనిషి

నేను పెంచి చెబుతాను. ముందే ఒప్పుకుంటే తర్వాత గొడవ ఉండదు. నాకు నూటొక్క డిగ్రీ జ్వరమొస్తే నలుగురికి చెప్పేసరికి అది నూట ఎనిమిదికి చేరుతుంది. వీధిలో చినుకు పడితే నేను ఇంటికి ఈదుకుంటూ వస్తాను. మా ఆవిడ పెళ్ళయిన ఏడాదికే దీనికొక పద్ధతి కనిపెట్టింది. నేను చెప్పినదాంట్లో ముప్పావు వంతు తీసేసి, మిగిలిన పావు వంతుని పక్కింటివాళ్ళని అడిగి ఖాయం చేసుకుంటుంది. మీరూ అలాగే చేయండి. కాకపోతే ఈ కుక్క సంగతిలో ఏది తీసేయాలో, ఏది ఉంచుకోవాలో కాస్త చూసుకోండి.

కొత్త శతాబ్దం వచ్చిన తొలినాళ్ళ మాట. అప్పుడు బెంగళూరు కె.ఆర్.పురంలో ఒక మేడ మీద వాటాలో అద్దెకుండేవాళ్ళం. నా ఉద్యోగం పీణ్యలో, అంటే ఊరికి అటు చివర. వాల్వులు చేసే ఒక చిన్న కార్ఖానాలో టైం ఆఫీసు గుమాస్తాని. పొద్దున ఏడుంబావుకి కంపెనీ బస్సెక్కితే సాయంత్రం మళ్ళీ దిగేలోపల నా గడ్డం రెండుసార్లు పెరిగేది. మా ఆవిడ పక్క వీధి బడిలో పాఠాలు చెప్పి ఒంటిగంటకల్లా ఇంటికి వచ్చేసేది. ఆ తర్వాత నేను వచ్చేదాకా ఆ మేడ మీద ఒక్కతే.

"ఒక కుక్కపిల్లని తెచ్చుకుందామండీ" అంది ఒకరోజు.

దిక్కులేని కుక్కల్ని ఉంచే చోటొకటి ఊరి చివర ఉందని ఎవరో చెప్తే ఆదివారం పొద్దున బయల్దేరాం. రేకుల షెడ్లు, ఇనుప వల, లోపల నాలుగువేల కుక్కలు (మా ఆవిడ లెక్క ప్రకారం అరవై). అన్నీ ఒకేసారి మమ్మల్ని పలకరించాయి. నా చెవిలోంచి ఏదో ఊడి కిందపడ్డ చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. కుక్కపిల్లలన్నిటినీ అప్పటికే ఎవరెవరో మాట్లాడేసుకున్నారట.

అరవనిది ఒక్కటే ఉంది. మూల గోడకి ఆనుకుని పడుకున్న ముసలిది. ఒళ్ళు కాఫీపొడి రంగు, మూతి మాత్రం సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. లేవలేదు, తోక ఊపలేదు, మా ఆవిడని చూడలేదు, నన్నూ చూడలేదు. మా ఇద్దరికీ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. ఆ ఖాళీకేసి చూసింది. చూసి, లేచి కూర్చుంది.

మా ఆవిడ అప్పటికే దాని పక్కన గొంతుక్కూర్చుని ఉంది. ఇంక నా అభిప్రాయంతో ఎవరికీ పని లేదు.

అక్కడి పనులు చూసే ఆవిడ రిజిస్టరు తెచ్చింది. "మేడం, ఇది ఓల్డ్ డాగ్. పదేళ్ళుంటాయి. రెండుసార్లు ఇళ్ళకి పోయి వాపసు వచ్చిండాది."

"ఎందుకని? కరిచిందా?"

"కరవలేదు, అరవలేదు, అసహ్యం చేయలేదు. ఎందుకో చెప్పండి అంటే ఇద్దరూ చెప్పలేదు. వద్దు అన్నారు, వదిలి పోయినారు." ఆవిడ రిజిస్టరులో వేలు పెట్టి ఆగింది. "నాలుగు వారాలు టైమిస్తాను. నచ్చకపోతే నాలుగో ఆదివారం సాయంత్రంలోపల తెచ్చేయండి. కానీ ఒకటి. ఈసారి వాపసొస్తే ఇంక దీన్ని ఎవరికీ చూపించను. ఎన్నిసార్లని ఆటోలో ఎక్కించి దింపేది, పాపం?"

సంతకం నేనే పెట్టాను. ఆటోలో మా ఆవిడ ఒక పక్కకి, నేను ఒక పక్కకి కూర్చున్నాం. మధ్యలో చోటున్నా ఆ ముసలిది సీటెక్కలేదు. కిందనే, మా కాళ్ళ దగ్గర ముడుచుకుంది.

కింది వాటాలో ఉండే ఇంటావిడ గేటు దగ్గర చిక్కుడుకాయలు వలుస్తోంది. ముత్తాతల కాలం నుంచి వాళ్ళది బెంగళూరే. "ఏమప్పా, కుక్కపిల్లని తెస్తామని చెప్పి అవ్వని తెచ్చినారే!" అంది. దాంతో పేరు పెట్టే పని తప్పింది. అవ్వ అయిపోయింది.

మర్నాడు పొద్దున ఏడింటికి పావుగంట ముందు, నేను ఒక కాలు ప్యాంటులో పెట్టుకుని ఉండగా, అవ్వ లేచి వీధి తలుపు దగ్గరికి వెళ్ళింది. తలుపు తీసే ఉంది. ఎవరూ లేరు. అవ్వ తోక మెల్లగా ఊపింది. తర్వాత, లోపలికి వచ్చేవాళ్ళకి దారిచ్చినట్టు, ఒక పక్కకి జరిగింది. ఆ తర్వాత వెనకే నడిచింది. నాలుగడుగులు వేసి ఆగింది. మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ ఆగడం. ముందు నడిచే మనిషికి మోకాలు పట్టేస్తే వెనకవాళ్ళు ఎలా ఆగుతారో, అచ్చం అలాగే. స్నానాల గది ముందు కూర్చుంది. పది నిమిషాలయ్యాక లేచి, అదే నడకతో హాల్లో పేము కుర్చీ దాకా వచ్చి, దాని ముందు పడుకుంది.

నేను గట్టిగా నవ్వాను. ఆ నవ్వుకి పీణ్యలో కిటికీలు అదిరి ఉంటాయి. మా ఆవిడ నవ్వలేదు. "చూడండి" అంది, "కుర్చీకి ఆనుకుని పడుకోలేదు. జానెడు వదిలి పడుకుంది."

"అయితే?"

"కాళ్ళు పెట్టుకునే చోటు వదిలింది."

ఆ వారమంతా అదే వేళకి, నిమిషం తేడా లేకుండా. మా ఇంటి గోడ గడియారం అవ్వని చూసి తనని తాను సరిచేసుకునేది. బుధవారం ఒక్కరోజు మాత్రం తలుపు దగ్గరికి వెళ్ళలేదు. రోజంతా కుర్చీ ముందే, ఆ జానెడు వదిలి, కళ్ళు మూసుకుని హాయిగా పడుకుంది. రాత్రిళ్ళు భోజనాలయ్యాక మళ్ళీ ఎవరినో గుమ్మం దాకా సాగనంపేది. గుమ్మం మాత్రం దాటేది కాదు.

రెండో వారం పొద్దుటి రాకపోకలు ఆగిపోయాయి. వదిలిపోయిందనుకున్నాను. సోమవారం మధ్యాహ్నం టైం ఆఫీసులో ఫోన్ మోగింది.

"ఏమండీ, ఇప్పుడే వచ్చాడు."

"ఎవరు?"

"అవ్వ ఎదురెళ్ళే ఆయన."

"కనిపించాడా?"

"కనిపిస్తే ఫోన్ చేసేదాన్ని కాదు, అరిచేదాన్ని" అంది గొంతు తగ్గించి. "మూడింటికి పావుగంట తక్కువ. స్నానం అయింది. ఇప్పుడు కుర్చీలో ఉన్నాడు."

మర్నాడు సగం రోజు సెలవు పెట్టి ఇంటికొచ్చి, ఎండ నిండిన హాల్లో నేల మీద కాళ్ళు చాపుకుని, కావాలనే దారికి అడ్డంగా కూర్చున్నాను. సరిగ్గా మూడింటికి పావుగంట తక్కువకి అవ్వ లేచింది. తలుపు దగ్గర తోక ఊపింది, పక్కకి జరిగింది, నాలుగడుగులు వేసి ఆగింది. మళ్ళీ నాలుగు. నా కాళ్ళకి మూరెడు దూరంలో ఆగి, నా మొహంలోకి చూసింది. మా ఇంట్లో అడుగుపెట్టాక అవ్వ నన్ను నేరుగా చూడడం అదే మొదటిసారి. కోపం లేదు. పెద్దవాళ్ళు వస్తుంటే పిల్లాడు లేవకపోతే తల్లి చూసే చూపు అది.

నేను కాళ్ళు ముడుచుకున్నాను. అవ్వ ముందుకు నడిచింది.

ముడుచుకున్నానని మా ఆవిడకి చెప్పలేదు. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. చెప్పాల్సిన పని లేకపోయింది.

అక్కడి నుంచి మా ఇంటి పద్ధతులు మారిపోయాయి. పేము కుర్చీలో ఎవరం కూర్చునేవాళ్ళం కాదు. ఆ వేళకి స్నానాల గది ఖాళీగా ఉంచేవాళ్ళం. "జరగండి, ఆయన వచ్చే వేళయింది" అని మా ఆవిడ నన్ను నా ఇంట్లోనే పక్కకి నెట్టేది. ఆ మాట అన్నాక తను అన్నదేమిటో తనకే వినపడి, చేతిలో గిన్నె పట్టుకుని అలా నిలబడిపోయేది. వంట చేస్తూ మధ్యమధ్యలో వెనక్కి తిరిగి చూసుకునేది. వారం రోజుల్లో ఆమె బరువు సగానికి సగం తగ్గింది (రెండు కిలోలు).

మూడో వారం రాక పొద్దుపోయాక, పదకొండింటికి పావుగంట ముందుకి మారింది. దాంతో ఇంటావిడ మెట్లెక్కి వచ్చింది.

"ఏమప్పా, మీ కుక్క ఎవుర్నో పిల్చుకొనొచ్చిండాది."

"అది ముసలిదండీ. నిద్రపట్టక తిరుగుతుంది."

"తిరిగేది నాకు వినబడతా ఉండాది. మీ నేల నా తల మీద కదా ఉండేది? నాలుగు సార్లు గోళ్ళ చప్పుడు, నిలిచేది, మళ్ళా నాలుగు." ఆమె మా ఆవిడ వైపు తిరిగింది. "గోళ్ళ చప్పుడు సరే తల్లీ. దాని ముందర చెప్పుల చప్పుడు ఎవురిది?"

ఈ ఊళ్ళో నన్ను మించి పెంచి చెప్పేవాళ్ళున్నారా అని నాకు నిజంగా అసూయ వేసింది. ఆ అసూయ ఒక క్షణమే. మా ఆవిడ మొహం చూశాక పోయింది.

"కుక్క ఉంటే ఉండనీ, నాకేమి" అంది ఇంటావిడ దిగిపోతూ. "దాని వెంబడి వచ్చినోడు మాత్రం వద్దప్పా. బాడిగకి ఇచ్చింది మీ ఇద్దరికే."

నాలుగో వారం రాక మళ్ళీ పొద్దుటికి మారింది. శుక్రవారం సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ అవ్వ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఏడ్చినట్టు తెలుస్తోంది.

"ఆదివారం ఇచ్చేద్దామండీ. నా వల్ల కాదు. మధ్యాహ్నాలు నేనొక్కదాన్నే ఉండాలి కదా." అవ్వ చెవి నిమురుతూ, "ఇచ్చేస్తే ఇంకెవరూ తీసుకోరు దీన్ని. ఆ రేకుల కిందే అయిపోతుంది" అంది.

నేను వెళ్ళి అవ్వకి ఇటు పక్కన కూర్చున్నాను.

శనివారం టైం ఆఫీసులో నా ముఖ్యమైన పని, వచ్చే వారానికి షిఫ్టుల చార్టు రాయడం. పెద్ద కాగితం మీద స్కేలుతో గీతలు గీసి, ఎవరు మొదటి షిఫ్టు, ఎవరు రెండో షిఫ్టు, ఎవరు మూడో షిఫ్టు అని రాసి నోటీసు బోర్డుకి అంటించాలి. పొద్దున ఆరు నుంచి రెండు దాకా మొదటిది, రెండు నుంచి పది దాకా రెండోది, పది నుంచి పొద్దున ఆరు దాకా మూడోది. వారం వారం మనుషులు ఒక షిఫ్టు నుంచి ఇంకో షిఫ్టుకి మారుతుంటారు. అప్పటికి ఏడేళ్ళుగా ఆ చార్టు రాస్తున్నాను. ఆ శనివారం ఒక పేరుని మూడో షిఫ్టు గడిలోంచి మొదటి షిఫ్టు గడిలోకి మారుస్తూ, పెన్ను గాల్లో ఉండగానే ఆగిపోయాను.

మూడో షిఫ్టు పొద్దున ఆరింటికి దిగి, ముప్పావుగంట బస్సులో వస్తే ఇంటికి చేరేది ఏడింటికి పావుగంట ముందు. మొదటి షిఫ్టు దిగితే మూడింటికి పావుగంట ముందు. రెండో షిఫ్టు దిగితే పదకొండింటికి పావుగంట ముందు. ఆ తర్వాత మళ్ళీ మూడో షిఫ్టు. ఇంటికి రాగానే ఒంటి మీది గ్రీజు పోయేలా స్నానం, ఆ తర్వాత కుర్చీ. బుధవారం వారపు సెలవు. పీణ్యలో కరెంటు అందరికీ ఒకేసారి సరిపోదని ఒక్కో వరస కార్ఖానాలకి ఒక్కో రోజు సెలవుండేది. బుధవారం మూసేవి ఏ వీధిలో ఉంటాయో నాకు తెలుసు.

మా ఇంటికి వచ్చేవాడికి షిఫ్టు డ్యూటీ ఉంది. పీణ్యలో మూడువేలమంది (సరే, నూట ఇరవై మంది) రాకపోకలు రాసే గుమాస్తాని, ఆ సంగతి కనిపెట్టడానికి నాకు నాలుగు వారాలు పట్టింది.

ఇంటికి ఫోన్ చేసి చెప్పాను.

"అంటే" అంది మా ఆవిడ, "పోయినాయన ఇంకా డ్యూటీకి వెళ్ళొస్తున్నాడా?"

ఆమెకి భయం పోతుందనుకున్నాను. రెట్టింపయింది. ఫోన్ పెట్టేసి, వెంటనే ఆ కుక్కల చోటికి ఫోన్ చేశాను. అవ్వ అంతకుముందు ఎవరి దగ్గరుండేదని అడిగాను. ఆవిడ రిజిస్టరు తిరగేసి అడ్రసు చెప్పింది.

ఆదివారం పొద్దున వెళ్ళాను. పీణ్యకి ఇవతల ఒక లేఅవుటు. వరస ఇళ్ళు. మూడో ఇల్లు. తలుపు ఆయనే తీశాడు. వయసు అరవై దాకా ఉంటుంది. కార్ఖానాలో లేతు మిషను మీద పని చేసి రిటైరయ్యాడు. ఎడమ మోకాలు నొప్పి. అవ్వ పిల్లగా ఉన్నప్పుడు కార్ఖానా గేటు దగ్గర దొరికిందట. ఎనిమిదేళ్ళు పెంచాడు. కూతురు, మనవడు వచ్చి తనతో ఉంటున్నారు. మనవడికి ఉబ్బసం. కుక్క వెంట్రుక పడదన్నారు. అందుకని అక్కడ వదిలాడు. "బాగుండాదా?" అని అడిగాడు. బాగుందన్నాను. మంచినీళ్ళు ఇచ్చాడు. వచ్చేటప్పుడు అవ్వకి ఇమ్మని ఒక రస్కుల ప్యాకెట్టు ఇచ్చాడు.

ఇంటికొచ్చి మా ఆవిడకి అంతా చెప్పాను. ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుని, వేళ్ళ సందుల్లోంచి నవ్వింది. "బతికే ఉన్నాడా? బతికే ఉన్నాడన్నమాట! ఇదంతా దీని అలవాటేనా?" అంటూ అవ్వ మెడ కావిలించుకుంది. సాయంత్రం నాలుగయింది, అయిదయింది, ఎవరం ఆటో పిలవలేదు.

రస్కుల ప్యాకెట్టు విప్పి ఒకటి అవ్వకి ఇచ్చింది. అవ్వ దాన్ని తినలేదు. నోట కరుచుకుని వెళ్ళి, పేము కుర్చీ ముందు, ఆ వదిలిన జానెడు చోటులో పెట్టి వచ్చింది. "చూశారా, ఆయన ఇచ్చాడని తెలిసిపోయింది" అంది మా ఆవిడ.

కింద ఇంటావిడకి కూడా చెప్పాం. "జీవంతో ఉండాడా? అట్లయితే సరేలే అప్పా" అని, చెప్పుల చప్పుడు సంగతి ఎత్తకుండా చిక్కుళ్ళలో పడిపోయింది.

అవ్వ మా దగ్గర నాలుగేళ్ళుంది. చివరి వారం తప్పిస్తే ఒక్క షిఫ్టూ తప్పలేదు. మా ఆవిడకి భయం పూర్తిగా పోయింది. మధ్యాహ్నం పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకుంటూ, అవ్వ తలుపు దగ్గరికి వెళితే, "మీ ఆయన వచ్చాడా అవ్వా?" అని పలకరించి తన పనిలో తాను ఉండేది. అప్పుడప్పుడు నన్ను అడిగేది, "ఆయన ఎలా ఉన్నారట?" అని. మోకాలికి ఆపరేషనయిందని, మనవడు బడిలో చేరాడని, నాకు తెలిసినంతలో చెబుతుండేవాణ్ణి.

చివరి రోజు ఒక ఆదివారం. అది రెండో షిఫ్టు వారం. పన్నెండు దాటింది. ఎండ ఎంత తెల్లగా ఉందంటే మెట్ల మీద నీడలు కరిగిపోయాయి. ఒంటిగంటుంబావుకి అవ్వ లేచింది. అప్పటికి వారం నుంచి లేవలేక పడి ఉన్నది అది. కుర్చీ దగ్గర నుంచి గుమ్మం దాకా సాగనంపింది. రోజూ అక్కడ ఆగాలి. ఆగలేదు. గుమ్మం దాటింది.

మేమిద్దరం భోజనం ముందు నుంచి లేచి వెళ్ళాం. అవ్వ మెట్లు దిగుతోంది. నాలుగు మెట్లు, ఆగడం. నాలుగు మెట్లు, ఆగడం. ఆగినప్పుడల్లా తల పైకెత్తి చూసింది, పక్కన నిలబడ్డ మనిషి మొహం ఎక్కడుంటుందో అంత ఎత్తుకి. మా ఆవిడ దిగబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఎందుకు ఆపానో తెలియదు. అవ్వ గేటు దాకా వెళ్ళింది. అక్కడ పడుకుంది. మేం దిగి వెళ్ళేసరికి అయిపోయింది. తోక కొస ఒక్కటే ఇంకా కాస్త కదులుతోంది. పెంచి చెప్పడం లేదు, కదిలింది.

సాయంత్రం, పూడ్చిపెట్టి వచ్చాక, మా ఆవిడ అంది: "ఆయనకి కబురు చేయండి. ఆయనకి తెలియాలి కదా."

చేశానన్నాను. ఫోన్లో ఏడ్చాడని కూడా చెప్పాను.

ఆ మనిషి లేడు. నేను కల్పించింది ఆయన ఒక్కణ్ణే. అడ్రసు, లేతు, ఎడమ మోకాలు, ఉబ్బసం మనవడు, గ్లాసుడు మంచినీళ్ళు, ఫోన్లో ఏడుపు, అన్నీ నావే. వెనక్కి వెళ్ళి చూడండి, ఆయన ఇంటికి వెళ్ళిన ముక్కలో నేను ఒక్కటీ పెంచలేదు. అబద్ధం చెప్పేటప్పుడు నేను చాలా పొదుపుగా మాట్లాడతాను. ఆ ఆదివారం పీణ్య వైపే వెళ్ళలేదు. కె.ఆర్.పురం స్టేషన్లో బెంచీ మీద మూడు గంటలు కూర్చుని, వచ్చేపోయే రైళ్ళు చూసి, ప్లాట్‌ఫారం మీది కొట్లో రస్కుల ప్యాకెట్టు కొనుక్కుని ఇంటికి వచ్చాను.

శనివారం ఫోన్ చేసిన మాట మాత్రం నిజం. ఆవిడ రిజిస్టరు తిరగేసిన మాటా నిజమే.

"ఎవరి దగ్గరా పెరగలేదండీ" అంది. "ఇది పుట్టిందే ఇక్కడ. దీని తల్లి ఈ షెడ్లోనే ఈనింది. ఆ రెండిళ్ళకి పోయింది కూడా పోయిన సంవత్సరమే, పదేసి రోజులు. మిగతా పదేళ్ళూ నా కళ్ళ ముందరే ఉండాది."

"అక్కడ షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు ఎవరైనా..."

"షిఫ్టులా? పొద్దున నేనే, సాయంత్రం నేనే" అని నవ్వింది. "ఎందుకు సార్, ఏమైనా చేసిందా?"

ఏమీ చేయలేదన్నాను. వద్దన్న ఆ ఇద్దరూ కూడా అదే చెప్పి ఉంటారు.

ఈ సంగతి మా ఆవిడకి ఇప్పటిదాకా తెలియదు. అచ్చయ్యాక ఎలాగూ చదువుతుంది. నేను రాసినవి అందరికంటే ముందు చదివేది ఆమే. ఇన్నేళ్ళు మోసం చేసినందుకు తిడుతుంది, అది పడతాను. తిట్టడం అయిపోయాక, కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, మరి ఆ ఎండలో అవ్వ ఎవరి వెంట మెట్లు దిగిందండీ అని అడుగుతుంది.